మొదటి రోబో కిట్: బుర్ర వేరుగా, బండి వేరుగా కొనండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, బ్యాంకు ఉద్యోగం, కోడింగ్ అస్సలు రాదు, అమ్మాయి ఏడో తరగతి. ఇద్దరూ కలిసి కూర్చుని చేసుకోవడానికి ప్రోగ్రామ్ చేసుకునే రోబో కిట్ ఒకటి కావాలి, ఖర్చు ఎనిమిది వేలు దాటకూడదు. మూడు చూసి పెట్టుకున్నారు: ఫోన్ యాప్‌తో నడిచే రెడీమేడ్ కిట్, పెట్టె మీద '51 ప్రాజెక్టులు' అని రాసున్న ఆర్డుయినో (ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) కిట్, ఎవరో అమ్మకానికి పెట్టిన పాత లెగో మైండ్‌స్టార్మ్స్ ఈవీ3. వీటిలో ఏది కొనాలి, రేపు పోటీలకి పనికొస్తుందా అని. (అమ్మాయి కోసమే అని రాశారు గానీ ప్రశ్న చదువుతుంటే సరదా మీకే ఎక్కువున్నట్టుంది. తప్పేం లేదండీ, ఈ హాబీలోకి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది పిల్లల పేరు చెప్పుకునే వస్తారు.)

సూటిగా చెప్పేస్తాను: ఆ మూడూ వద్దు. మైక్రోబిట్ వెర్షన్ 2 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, దాన్ని గుచ్చుకోవడానికి మోటార్ డ్రైవర్ బోర్డు (మోటార్లకి కరెంటు అందించేది) ఒకటి, పసుపు రంగు బీఓ మోటార్లు (లోపల గేర్లుండే చవక రకం) రెండున్న మామూలు ఛాసిస్, అంటే చక్రాల చట్రం ఒకటి, విడివిడిగా తెప్పించుకోండి. బుర్ర వేరు, బండి వేరు అన్నమాట. సెన్సార్లతో కలిపి నాలుగైదు వేలల్లో తేలిపోతుంది, మిగతా డబ్బు సంగతి చివర్లో చెప్తాను. నేను విజయవాడలో శని ఆదివారాలు పిల్లలతో ఈ పనే చేయిస్తూ ఉంటాను కాబట్టి ఇళ్లల్లో కిట్లు ఎలా అటకెక్కుతాయో దగ్గర్నుంచి చూశాను. బోర్డు కాలిపోయి మూలపడే కిట్లు తక్కువ. ఒక గేరు అరిగిపోయి, ఒక వైరు తెగి, అది బయట ఎక్కడా దొరక్క మూలపడేవే ఎక్కువ.

ముందు రెడీమేడ్ యాప్ కిట్ల సంగతి. చూడముచ్చటగా ఉంటాయి, ఒప్పుకోవాలి. పెట్టె తెరిచిన కాసేపటికే బండి హాల్లో తిరిగేస్తుంది, పిల్లలు గంతులేస్తారు. కానీ మోటారుకి వాళ్ల సొంత కనెక్టర్, సెన్సార్‌కి వాళ్ల సొంత కనెక్టర్, బ్యాటరీ లోపల అంటించేసి ఉంటుంది, ప్రోగ్రామ్ రాయాలంటే వాళ్ల యాప్ తప్ప వేరే దిక్కుండదు. వీటిలో ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. ఊరూ పేరూ లేని కంపెనీలతోనే ఈ బాధ అనుకోకండి. కాజ్మో, వెక్టర్ అనే బుల్లి రోబోలు చేసిన అంకీ అనే అమెరికా కంపెనీకి పేరుకి లోటు లేదు, పెట్టుబడులు కూడా బాగానే వచ్చాయి, అయినా 2019లో మూతపడింది. పిల్లలతో కబుర్లు చెప్పే మాక్సీ అనే రోబో ధర దాదాపు 800 డాలర్లు, దాన్ని చేసిన కంపెనీ 2024 డిసెంబరులో చేతులెత్తేసింది. ఆ రోబో మాటలన్నీ ఎక్కడో సర్వర్ల నుంచి వచ్చేవి కాబట్టి కంపెనీతో పాటు బొమ్మ నోరు కూడా పడిపోయే పరిస్థితి వచ్చింది. అందుకని యాప్ కిట్ కొనాలనే మనసైతే అమ్మేవాణ్ణి ఒక్కటే అడగండి: ఇంటర్నెట్ ఆపేసి, మీ యాప్ ఫోన్లోంచి తీసేస్తే ఈ బొమ్మకి వేరే సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రామ్ ఎక్కించొచ్చా? చాలావరకు జవాబు రాదు. ఎంబాట్ అనే కిట్ లాంటివి కొంచెం నయం, లోపలుండేది ఆర్డుయినో రకం బోర్డే, వాళ్ల సాఫ్ట్‌వేర్ లేకపోయినా బతుకుతుంది.

లెగో దగ్గరికొస్తే మాత్రం నేను కాస్త మెత్తబడతాను. 1998లో పసుపు ఇటుక లాంటి ఆర్‌సీఎక్స్‌తో మొదలైంది మైండ్‌స్టార్మ్స్, 2006లో ఎన్ఎక్స్‌టీ, 2013లో ఈవీ3, 2020లో రోబో ఇన్వెంటర్, 2022 చివరికి ఆ వరుసే ఆపేశారు. అయినా ఈవీ3 మోటార్లంత బాగా చేసిన మోటార్లు బొమ్మల్లో అరుదు. ప్రతి మోటారు లోపలా తిరుగుడు కొలిచే ఎన్‌కోడర్ ఉంటుంది, 90 డిగ్రీలు తిరగమంటే 90 దగ్గరే ఆగుతుంది. లెగో సాఫ్ట్‌వేర్ లేకపోయినా పైబ్రిక్స్ అనేవాళ్ల సాఫ్ట్‌వేర్ మెమొరీ కార్డులో వేసుకుని పైథాన్ అనే కోడింగ్ భాషలో నడుపుకోవచ్చు. మీరు చూసిన ఆ పాత సెట్టు అమ్మేవాళ్లు ఊళ్లోనే ఉంటే వెళ్లి మూడు మోటార్లూ, అన్ని పోర్టులూ పనిచేస్తున్నాయో లేదో దగ్గరుండి చూసుకోండి. వాళ్ల చార్జింగ్ బ్యాటరీ ఉబ్బిపోయి ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆరు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తుంది. వైర్లు మాత్రం లెక్కపెట్టుకోండి, అవి పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరులా కనిపిస్తాయి గానీ క్లిప్పు పక్కకి జరిగి ఉంటుంది, ఫోన్ వైరు పట్టదు. అన్నీ బాగుండి ఎనిమిది వేల లోపు ఇస్తానంటే అది నష్టం బేరమేం కాదు. కాకపోతే ఒక్క మోటారు పోయిందా, దాని ఖరీదుతో నేను చెప్పే బండి మొత్తం వచ్చేస్తుంది. అందుకే మొదటి కిట్‌గా వద్దంటున్నాను, రెండోదిగా అయితే సంతోషంగా కొనుక్కోండి.

'51 ప్రాజెక్టులు' కిట్ గురించి ఎక్కువ రాయను. ఒక ఎల్ఈడీ వెలిగించడం ఒక ప్రాజెక్టు, రెండు వెలిగించడం ఇంకోటి, మూడు వెలిగిస్తే ట్రాఫిక్ లైటు, అక్కడికి మూడైపోయాయి. డబ్బాలో ఉండే సామాను చెడ్డదని కాదు, ఊనో అనే ఆర్డుయినో బోర్డు, బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చి కలిపే పలక), జంపర్ వైర్లు అన్నీ పనికొచ్చేవే. ఏడో తరగతి పిల్లకి, కోడింగ్ రాని నాన్నకి మొదటి వారమే ఎదురయ్యే తిప్పలే దానితో గొడవ. చవక ఊనో బోర్డుల్లో కంప్యూటర్‌తో మాట్లాడేందుకు సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, దానికి కంప్యూటర్‌లో డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉందో లేదో చూసుకోవాలి, ఏ పోర్టులో కనిపిస్తుందో వెతుక్కోవాలి. సెమికోలన్ మర్చిపోతే ఎర్రక్షరాల్లో ఇంగ్లీషు తిట్లు వస్తాయి. ఇవన్నీ దాటాక కదా బండి కదిలేది! ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. బోర్డు మీద లైటు వెలుగుతోంది గానీ కంప్యూటర్‌కి కనపడటం లేదంటే బోర్డుని తిట్టే ముందు యూఎస్‌బీ వైరు మార్చి చూడండి. కొన్ని వైర్లు చార్జింగ్‌కి మాత్రమే, వాటిలో డేటా తీగలు ఉండవు. బోర్డు పోయిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలా వాటికి వైరు మారిస్తే సరిపోయింది.

మైక్రోబిట్ ఎందుకంటే, దాన్ని తయారుచేయించిందే మీ అమ్మాయి ఈడు పిల్లల కోసం. బీబీసీ 2016లో బ్రిటన్‌లో పదకొండు పన్నెండేళ్ల పిల్లలకి దాదాపు పది లక్షల బోర్డులు ఉచితంగా పంచింది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. దాని మీదే 25 చిన్న ఎల్ఈడీలు, రెండు బటన్లు, వంపు తెలుసుకునే సెన్సార్, దిక్సూచి ఉంటాయి, 2020లో వచ్చిన వెర్షన్ 2లో స్పీకర్, మైకు కూడా పెట్టారు. అంటే ఒక్క వైరు కూడా గుచ్చకుండానే మొదటి సాయంత్రం ఏదో ఒకటి ఆడించొచ్చు. కంప్యూటర్‌కి పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ప్రోగ్రామ్ ఫైలు అందులోకి లాగి వదిలితే ఎక్కేస్తుంది, డ్రైవర్ గోల లేదు. మేక్‌కోడ్ అనే సైటులో బ్లాకులు జతచేసి ప్రోగ్రామ్ రాయొచ్చు, అదే ప్రోగ్రామ్‌ని పైన ఒక్క నొక్కుతో పైథాన్‌లో చూడొచ్చు. మీకు కోడింగ్ రాదన్నారు కదా, మీరు నేర్చుకోవడానికి ఇదే తేలిక దారి. అమ్మాయి బ్లాకుల్లో చేస్తుంది, మీరు అది పైథాన్‌లో ఎలా ఉందో చదువుతారు. ఇంకో విషయం, బోర్డు కొనకముందే ఆ సైటులో తెర మీదే మైక్రోబిట్ బొమ్మ కనిపిస్తుంది, దాని మీద అన్నీ చేసి చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఒక వారం అలా ఆడండి. ఆ వారంలోనే ఇద్దరికీ విసుగొస్తే అసలు ఏ కిట్టూ కొనకండి, డబ్బు మిగిలింది అనుకోండి. ఆర్డుయినో వైపు మనసుంటే వోక్వీ, టింకర్‌క్యాడ్ అనే సైట్లలో కూడా ఇలాగే ఉత్తుత్తి బోర్డు మీద చేసి చూడొచ్చు.

ఒక జాగ్రత్త ఉంది. మైక్రోబిట్ మూడు వోల్టుల మనిషి. దాని పిన్నులకి ఐదు వోల్టులు తగిలితే పోతుంది. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సార్ మామూలుగా ఐదు వోల్టులది, జవాబు కూడా ఐదు వోల్టుల్లోనే పంపుతుంది. కొనేటప్పుడు 3.3 వోల్టులకి కూడా పనిచేసే రకమని రాసుందో లేదో చూసి తీసుకోండి. రేపు వైఫై ఉండే ఈఎస్‌పీ32 బోర్డుకి మారినా ఇదే జాగ్రత్త కావాలి, అది కూడా 3.3 వోల్టులదే.

ఇక కరెంటు సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, 'నా రోబో పనిచేయట్లేదు' అని వచ్చేవాటిలో సగానికి పైగా ఇక్కడే తేలతాయి.

కిట్లలో అలవాటుగా 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఇస్తారు, చూస్తే 9 అంటే బాగా బలం అనిపిస్తుంది. అది మల్టీమీటర్‌కి, పొగ అలారానికి చేసింది, కొంచెం కొంచెంగా ఎక్కువ కాలం ఇవ్వడం దాని పని. బీఓ మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు తక్కువే తాగుతుంది గానీ, ఆగి ఉన్నది కదిలేటప్పుడు, గోడకి గుద్దుకుని ఇరుక్కున్నప్పుడు ఒక్కోటి ఆంపియర్ దాకా లాగుతుంది. రెండు మోటార్లు ఒకేసారి లాగేసరికి ఆ బ్యాటరీ వోల్టేజీ ధడాలున పడిపోతుంది, బోర్డు ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది. బయటినుంచి చూస్తే ఎలా ఉంటుందంటే, బండి ఒక్క జర్కు ఇస్తుంది, ఆగుతుంది, మళ్లీ జర్కు, మళ్లీ ఆగడం. అప్పుడు అందరూ ప్రోగ్రామ్ తప్పేమోనని బ్లాకులు మారుస్తూ కూర్చుంటారు. చక్రాలు గాల్లోకి ఎత్తి పట్టుకుంటే బాగా తిరిగి, నేల మీద పెడితే జర్కులిస్తోందంటే అది కరెంటు బాధే, ప్రోగ్రామ్ జోలికి పోకండి.

నాలుగు చార్జింగ్ పెన్సిల్ సెల్స్ వాడండి, నికెల్ మెటల్ హైడ్రైడ్ అని రాసుండేవి. ఒక్కోటి 1.2 వోల్టులు, నాలుగూ కలిపి 4.8. ఇక్కడే డ్రైవర్ బోర్డు ఎంపిక కూడా ముడిపడి ఉంది. ఎక్కడ చూసినా ఎర్ర బోర్డు, నల్ల హీట్‌సింక్ ఉండే ఎల్298ఎన్ కనిపిస్తుంది, వీడియోలన్నిట్లో అదే. పాతకాలపు డిజైన్, దాని లోపలే సుమారు రెండు వోల్టులు వేడిగా పోతాయి. మీరిచ్చేదే 4.8, అందులో రెండు అక్కడే పోతే మోటారుకి మిగిలేది మూడు వోల్టులు కూడా కాదు, బండి మూలుగుతుంది తప్ప కదలదు. టీబీ6612 గానీ డీఆర్‌వీ8833 గానీ ఉన్న బోర్డు తీసుకోండి, వాటిలో ఆ నష్టం చాలా తక్కువ. మైక్రోబిట్ నేరుగా గుచ్చుకునే డ్రైవర్ బోర్డులు చాలావరకు ఇలాంటి చిప్పులతోనే వస్తాయి.

18650 లిథియం సెల్స్ ఎందుకు చెప్పలేదంటారేమో, బలం వాటికే ఎక్కువ. నిజమే. పెద్దవాళ్లు వాడుకోవచ్చు, పిల్లల చేతికి మొదటి రోజే ఇవ్వకండి. రెండు కొసలు ఒక స్క్రూడ్రైవర్‌కి తగిలితే చాలు, ఎర్రగా కాలుతుంది. ఇంకా, 9900 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత నిలవ ఉంటుందో చెప్పే అంకె) అని రాసి చవగ్గా అమ్మే సెల్స్ చూస్తారు. అసలు సిసలు కంపెనీల 18650 సెల్లే మామూలుగా 3500 దగ్గర ఆగుతుంది, కాబట్టి 9900 అని రాసున్న రోజే అది ఏపాటిదో తెలిసిపోయింది. మన ఎండలు కూడా లెక్కలో వేసుకోవాలి. లిథియం సెల్స్‌ని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు, మే నెలలో గుంటూరులో మధ్యాహ్నం బాల్కనీలో, కిటికీ గట్టు మీద ఆ వేడి తేలిగ్గా వస్తుంది. నికెల్ సెల్స్‌కి కూడా ఎండ మంచిది కాదు గానీ అవి కోపం వస్తే అంటుకోవు.

సామాను వచ్చాక ఏం చేయాలి అనేది మీరు అడగలేదు, కానీ అదే అసలైన ప్రశ్న. అందరూ వెంటనే లైన్ ఫాలోయర్, అంటే నేల మీద గీత వెంట పోయే బండి మీద పడతారు. వద్దు. మొదట బండిని ఒక మీటరు తిన్నగా నడిపించండి. నవ్వకండి, ప్రయత్నించి చూడండి. రెండు మోటార్లకీ ఒకే వేగం ఇస్తారు, బండి వంకరగా వెళ్లి సోఫా కిందకి దూరుతుంది. ఎందుకంటే ఏ రెండు బీఓ మోటార్లూ ఒకేలా తిరగవు, ఒకదాంట్లో గేర్లు కాస్త బిగుతు, ఒక చక్రం కాస్త వంకర, వెనక క్యాస్టర్‌లో (ఎటైనా తిరిగే చిన్న చక్రంలో) వెంట్రుక చుట్టుకుని ఉంటుంది. సరే, ఎడమ దానికి 100 ఇచ్చి కుడి దానికి 93 ఇస్తే తిన్నగా పోతోంది. రాసిపెట్టుకున్నారు. సాయంత్రం చూస్తే మళ్లీ వంకర, సెల్స్ దిగిపోయేసరికి ఆ తేడా కూడా మారింది. పొద్దున రెండు సెకన్లలో మీటరు వెళ్లిన బండి ఇప్పుడు అంత దూరం పోవట్లేదు. ఇప్పుడు అమ్మాయే అడుగుతుంది, ఎంత దూరం వచ్చామో బండికి తెలియాలి కదా నాన్నా అని. ఆ ప్రశ్న తనంతట తను అడిగాక సెన్సార్ ఇవ్వండి, చక్రానికి పెట్టే ఎన్‌కోడర్ డిస్కు ఏమిటో అప్పుడు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. ముందే ఇచ్చేస్తే అది ఇంకో వైరు మాత్రమే.

మీటరు తిన్నగా వచ్చాక చతురస్రం గీయించండి, ముందుకి, కుడికి 90, ముందుకి, కుడికి 90. 1967లో వచ్చిన లోగో భాషతో నేల మీద తాబేలు రోబోని నడిపి సీమూర్ పాపర్ట్ బృందం పిల్లలకి జామెట్రీ నేర్పింది ఇలాగే. ఛాసిస్ మధ్యలో స్కెచ్ పెన్ను కట్టి చార్టు మీద వదలండి. మొదలైన చోటికే తిరిగొస్తే మీ ఇద్దరికీ ఆ రోజు పండగే.

తర్వాత దూరం కొలిచే సెన్సార్. ఇది మన చెవికి వినపడని 40 కిలోహెర్ట్జ్ శబ్దం వదిలి, తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చెప్తుంది. వీడియోల్లో లెక్క అంతా శబ్దం వేగం సెకనుకి 343 మీటర్లు అని వేస్తారు, అది 20 డిగ్రీల చలిలో మాట. మనకి 42 డిగ్రీలున్నప్పుడు శబ్దం దాదాపు 357 మీటర్లు పోతుంది, కాబట్టి మీటరు దూరంలో ఉన్న గోడ 96 సెంటీమీటర్లలోనే ఉందని చూపిస్తుంది. గోడకి గుద్దుకోకుండా ఆగడానికి ఆ తేడా లెక్కలోది కాదు. కానీ జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి అదే టేపుతో కొలిపించండి, సైన్సు పుస్తకంలో శబ్దం పాఠం కన్నా బాగా ఎక్కుతుంది. మైక్రోబిట్ చిప్‌లోనే ఉష్ణోగ్రత చూపే ఏర్పాటుంది, బోర్డు సొంత వేడి వల్ల కాస్త ఎక్కువ చూపిస్తుంది, అది తగ్గించుకుని లెక్క సరిచేయడం ఒక మంచి ఆదివారం పని. కర్టెన్లు, సోఫా దిండ్లు శబ్దాన్ని మింగేస్తాయి, అక్కడ బండి ఆగదు. ఏటవాలుగా ఉన్న గోడ దగ్గర కూడా ఆగదు, శబ్దం పక్కకి పోతుంది. సెన్సార్ పోయిందని అప్పుడు తిప్పి పంపకండి.

లైన్ ఫాలోయర్ ఆ తర్వాత. ఐఆర్ (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి) సెన్సార్లు తెలుపు మీద కాంతి వెనక్కొస్తే ఒకటి, నలుపు మింగేస్తే ఇంకోటి చెప్తాయి, అంతే సూత్రం. మన ఇళ్లల్లో దీనికి రెండు శత్రువులు. ఒకటి ఎండ, సూర్యుడి వెలుగులో ఐఆర్ దండిగా ఉంటుంది, తలుపు తెరిచి ఉన్న హాల్లో మధ్యాహ్నం అస్సలు పనిచేయదు. సాయంత్రం లైటేసుకుని చేయండి. రెండోది నేల. కడప బండలైతే నేలే నలుపు, మొజాయిక్ అయితే చుక్కలు చుక్కలు, గ్రానైట్ అయితే అద్దంలా మెరుపు. దీనికి నేను వాడే మందు పాత ఫ్లెక్సీ. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలకి విజయవాడ, గుంటూరుల్లో కరువుందా చెప్పండి. తిరగేస్తే వెనక వైపు తెల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది, నల్ల ఇన్సులేషన్ టేపుతో దారి అతికించేయండి, అయిపోయాక చుట్టి మంచం కింద పెట్టేయొచ్చు. మొదట రెండు సెన్సార్లతో చేయండి, బండి తాగినవాడిలా ఊగుతూ వెళ్తుంది, ఊగనివ్వండి. ఊపు తగ్గించాలంటే గీత నుంచి ఎంత పక్కకి జరిగామో అంతే మోతాదులో తిప్పాలి, కొంచెం జరిగితే కొంచెం, బాగా జరిగితే గట్టిగా. దానికి ఐదు సెన్సార్ల పట్టీ కావాలి. దీనికే పీఐడీ అని పెద్ద పేరు పెట్టి భయపెడతారు గానీ మొదటి అక్షరం పీ ఒక్కటి, అంటే ఇప్పుడు చెప్పిన మోతాదు తిప్పుడు ఒక్కటి చేసినా ఊపు చాలావరకు తగ్గిపోతుంది.

బండ్లంటే అమ్మాయికి పెద్ద సరదా లేకపోవచ్చు కూడా, చాలామంది ఆడపిల్లలకనే కాదు మగపిల్లలకి కూడా మూడు వారాలకి బండి మొహం మొత్తుతుంది. అప్పుడు బండిని పక్కన పెట్టి ఎస్‌జీ90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారు) ఒకటి ఇవ్వండి, వందా నూటయాభైలో వస్తుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లయితే దానికి మించిన ప్రాజెక్టు లేదు. చప్పట్లు కొడితే కొండపల్లి అంబారీ ఏనుగు ఇటు తిరిగి చూడాలి, వెర్షన్ 2లో మైకు ఉంది కాబట్టి చప్పుడు వినడం దాని పని, తిప్పడం సర్వో పని. పొణికి కర్రతో చేస్తారు కాబట్టి ఆ బొమ్మలు తేలిగ్గా ఉంటాయి, చిన్నదైతే తిరిగే బల్ల మీద పెట్టి సర్వోతో తిప్పేయొచ్చు. బొమ్మకి మేకులు కొట్టొద్దు, బల్లనే తిప్పండి. సర్వోకి కరెంటు మైక్రోబిట్ నుంచి లాగకుండా సెల్స్ నుంచి ఇచ్చి, రెంటి నెగటివ్ తీగలూ కలపండి. కలపకపోతే పిచ్చి పట్టినట్టు వణుకుతుంది.

ఎక్కడ కొనాలి అంటే, మైక్రోబిట్ లాంటి బోర్డులు ఆన్‌లైన్‌లోనే తేలిక. వైర్లు, సోల్డర్, స్విచ్చులు, సెల్స్ పెట్టే డబ్బీలు, ఐదొందల లోపు మల్టీమీటర్ మాత్రం రేడియో, టీవీ రిపేరు సామాను అమ్మే షాపులో మనిషిని చూసి కొనుక్కోండి, వాళ్లకి తెలిసినంత ఏ వీడియోలోనూ ఉండదు. మల్టీమీటర్ తప్పకుండా కొనాలి, బజర్ మోడ్‌లో పెట్టి తెగిన వైరు పట్టుకోవడం మొదటి రోజే నేర్పండి. ఎప్పుడైనా మోటారు షాఫ్టుకి సరిపోయే ఇత్తడి బుష్ లాంటిది కావాల్సొస్తే విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లు ఉన్నారు, కొలత కాగితం మీద గీసి ఇస్తే చేసిస్తారు, చిన్న పని అని మొదట విసుక్కుంటారు, రోబో కోసం అంటే వాళ్లకే ఆసక్తి పుడుతుంది. రెడీమేడ్ బొమ్మగా అమ్మే కిట్ కొంటే మాత్రం ఐఎస్ఐ గుర్తు చూడండి, 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి.

పోటీల సంగతి పొట్టిగా. ఫస్ట్ లెగో లీగ్ అనే పిల్లల రోబో పోటీలో పెద్దపిల్లల విభాగానికి లెగో కంట్రోలర్లు, లెగో మోటార్లే వాడాలి, నేను చెప్పిన బండి అక్కడ చెల్లదు. స్కూళ్లలో, ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టుల్లో పెట్టే లైన్ ఫాలోయర్, రోబో రేసుల్లాంటివాటికి ఏ బోర్డయినా సాధారణంగా ఒప్పుకుంటారు, ఆ యేటి రూల్సు మాత్రం చదువుకుని దిగండి. దాని కోసం ఇప్పుడే లెగోకి డబ్బు పోయనక్కర్లేదు. ముందు అమ్మాయి స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. 2016లో మొదలైన ఈ పథకంలో ఎంపికైన స్కూలుకి 20 లక్షల దాకా కేంద్రం ఇస్తుంది, ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లల కోసమే, ఇప్పటికి పదివేలకి పైగా స్కూళ్లలో పెట్టారు. ఉంటే 3డీ ప్రింటర్, సోల్డరింగ్ బల్ల అక్కడే దొరుకుతాయి, అవి మీరు కొనక్కర్లేదు. కొన్నిచోట్ల ఆ గదికి తాళం వేసి ఉంటుంది. సారుని గట్టిగా అడగండి, ఒక తండ్రి వచ్చి అడిగితే తాళం తీస్తారు.

ఇక మిగిలే మూడు వేలు. ఖర్చు పెట్టేయకుండా అలాగే ఉంచండి. మొదటి రెండు నెలల్లో ఒక మోటారు గేరు అరుగుతుంది, ఒక సెన్సార్‌కి ప్లస్ మైనస్ తారుమారై పోతుంది, ఆ రెంటికీ కలిపి ఐదొందలు కూడా అవ్వవు. ఏడాది తర్వాత ఇద్దరికీ ఇంకా ఉత్సాహం ఉంటే అందులోంచి ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి తెప్పించి, ఇదే ఛాసిస్, ఇవే మోటార్ల మీద పెట్టి ఫోన్ బ్రౌజర్‌లోంచి వైఫైతో నడపండి. లేదంటే ఇంకో మైక్రోబిట్ కొనండి. రెండు బోర్డులూ రేడియోతో మాట్లాడుకుంటాయి, ఒకటి చేతిలో పట్టుకుని ఎటు వంచితే బండి అటు పోతుంది. ఆ రిమోట్ ఎవరు పట్టుకోవాలన్న గొడవ మీ ఇంట్లో మీరే తేల్చుకోండి.